ఇంటర్వ్యూలో నేను అరిచిన రోజు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఏడేళ్ల క్రితం ఒక సాంకేతిక విశ్వవిద్యాలయంలో రీసెర్చ్ ఫెలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, నలుగురు ప్రొఫెసర్ల ముందు నేను గొంతు చించుకుని అరిచాను. డైరీలో కూడా ఆ రోజు "బాగానే జరిగింది" అని మాత్రమే రాసుకున్నాను. నిన్న అదే విశ్వవిద్యాలయం పోస్ట్ డాక్టరల్ ఖాళీల ప్రకటన ఫోనులో కనిపించేసరికి అదంతా గుర్తుకొచ్చింది.

కరీంనగర్ వైపు ఒక చిన్న ఊళ్లో, మరమగ్గాల షెడ్డుకు ఆనుకుని ఉంటుంది మా ఇల్లు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాను. బాపు వాటిని నడిపేవాడు, అవ్వ పక్కనే నూలు కండెలు చుట్టేది, బడి నుంచి వచ్చాక నేను తెగిన పోగులు అతికేదాన్ని. ఆ చప్పుడులో మాట వినబడదు గనుక చేతులతో సైగ చేయాలి, లేదంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. బయట నోరు విప్పడానికే భయపడే నేను అక్కడ మాత్రం అందరికంటే గట్టిగా అరిచేదాన్ని. నాకు పదహారేళ్లు నిండేసరికి బాపుకు ఏ అరుపూ వినబడకుండా పోయింది.

ఎంటెక్ పూర్తవుతుండగా, మగ్గాల చప్పుడు తగ్గించే పరిశోధనకు ఒకే ఒక్క పోస్టు ఉందన్న కాగితం కాలేజీ నోటీసు బోర్డులో చూసి దరఖాస్తు పెట్టాను. పీహెచ్‌డీ కూడా దానితోనే. మేనత్త మా గడపలో కూర్చుని, "డాక్టరమ్మ అయితవట గద, ఒక్క సూదన్న ఎయ్యొస్తదా నీకు?" అని నవ్వింది. నేను నవ్వలేదు, బస్సెక్కాను.

ఇంటర్వ్యూ గదిలో పేరు అడిగితే నేల చూస్తూ గొణిగాను. కాగితాలు తిప్పుతున్న పెద్దసారు, మగ్గంలో ఎక్కువ చప్పుడు ఎక్కడ పుడుతుందని అడిగారు. అంతే, నా మనసు షెడ్డులోకి వెళ్లిపోయింది. పోగు మోసే నాడె పరుగెత్తి వచ్చి పెట్టెకు కొట్టుకునే చోట అని, చుట్టూ సాంచాలు నడుస్తున్నట్టే అరిచేశాను. ప్యూను తలుపు తీసి తొంగిచూశాడు.

"జర మెల్లగ చెప్పమ్మా, మేం చెవిటోళ్లం గాదు," అన్నారు పెద్దసారు. అందరూ నవ్వారు. సిగ్గుతో లేచి రావలసినదాన్ని, ఆ తెగువ ఎక్కడిదో, కుర్చీలోనే కూర్చుని మెల్లగా అన్నాను.

"మీరు గాదు సార్. మా బాపు. గందుకే అప్లై చేసిన."

పెద్దసారు చేతిలోని కాగితాలు పక్కన పెట్టారు. ఆ పోస్టు నాకే వచ్చింది.

ఇప్పుడు నోటీసు బోర్డులు లేవు, ఇంటర్వ్యూలు కూడా తెర మీదే జరుగుతున్నాయి, ఊళ్లో సగం సాంచాలు మూలపడ్డాయి. నా పరిశోధనలో తయారైన మెత్తటి పెట్టెను మా షెడ్డులో ఒక్క మగ్గానికే బిగించగలిగాను. మిగతావి అట్లాగే మోగుతున్నాయి. కొత్త పోస్టు రెండేళ్లదే, పర్మనెంటు కాదు, ఇక చదివింది చాలని చుట్టాలందరూ అంటున్నారు. అననీ. ఈ ఉదయం దరఖాస్తు పంపి, షెడ్డులోకి వెళ్లి బాపుకు సైగలతో చెప్పాను. ఆయన సాంచా ఆపి, కండెలు చుడుతున్న అవ్వ వైపు చూశాడు.

"మీ అవ్వకు ఇంకా మంచిగనే ఇనబడ్తాంది. జల్ది పో బిడ్డా."