మూడు రాజులకు దండం పెట్టిన రోజు

ఎదుటివాళ్ల తెలివితక్కువతనం వల్ల నష్టపోయినవాళ్లు ఊరికొకరుంటారు. సొంత తెలివితేటల్లో నిండా మునిగినవాణ్ణి చూడాలనుంటే మాత్రం డుంబ్రిగుడ రావాలి. కాఫీ గింజలు ఆరబెట్టే కళ్లం దగ్గరికొచ్చి నన్నే అడగండి. నన్నే చూపిస్తాను.

అప్పటికి నేను ఆ కళ్లం మీద కొత్తగా మేస్త్రీనయ్యాను. మబ్బు పడితే గింజల మీద టార్పాలిన్ కప్పేసి, మళ్లీ ఎండ వచ్చేదాకా రేకుల షెడ్డులో కూర్చోవడమే పని. రైతులందరూ ఎండ కోసం మొక్కుకుంటుంటే నేనొక్కణ్ణే మబ్బు కోసం మొక్కుకునేవాణ్ణి. ఎందుకంటే మబ్బు పడితే సువార్త కూడా షెడ్డులోకి వచ్చేది.

సువార్తది పార్వతీపురం. గింజల్లో తేమ ఎంతుందో మిషన్ మీద చూసి చెప్పే ఉద్యోగం. గింజల సంగతేమో గానీ నా మొహంలో ఏముందో చూడ్డానికి ఆమెకు మిషన్ అక్కర్లేదని నా అనుమానం. షెడ్డులో మూడోవాడు కాపలా సుక్ర మావ. ముగ్గురం చేరితే పేకాటే. సువార్త వాళ్ల నాన్న చర్చిలో సంఘపెద్ద. అందుకని డబ్బు మాట లేదు, కాఫీ గింజలే పందెం.

అంతవరకూ మాది మూడు ముక్కలాట. ఫోన్లో వీడియోలు చూసి పండితుణ్ణైపోయిన నేను ఊరుకుంటానా? పోకర్ నేర్పిస్తానన్నాను. చేతికి రెండు ముక్కలు, నేల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. అన్నిట్లోంచీ మంచివి ఐదు ఏరుకోవాలి. ఒకే అంకె ముక్కలు మూడు వచ్చినవాడి కంటే వరసగా ఐదు వచ్చినవాడు గొప్ప.

సుక్ర మావకు కోపం వచ్చింది. "ఏటేటీ? మూడు రాజులొత్తే సీక్వెన్సు కొట్టేత్తాదా?"

"మావా, మూడు ముక్కలాటలో మూడు రాజులు రావడం కష్టం. ఇక్కడ ఐదు ముక్కల సీక్వెన్సు రావడం కష్టం. ఏది కష్టమైతే అది పెద్దది. లెక్క!"

"రాజుకి మర్యాద లేని ఆట ఆటేటి?" అన్నాడు మావ. ఆ కోపంలో సువార్త చేతిలోకి తొంగిచూసి "గుంటకి రాణులొచ్చీసినాయి" అని అరిచేవాడు. దాంతో నేనొక రూలు పెట్టాను. ఎవరి ముక్కలు వాళ్లే చెప్పుకోవాలి, చెప్పిందే ఖాయం. ఇంకొకరు నోరెత్తకూడదు.

గురువుని నేనే గానీ గెలిచేది సువార్త. చెడ్డ ముక్కలు వస్తే చక్కగా పడేసి, మంచివి వచ్చేదాకా ఓపిగ్గా కూర్చునేది. నాకు ఆ ఓపిక లేదు. అందుకని ఇంకో రకం పోకర్ తెచ్చాను. చేతికి నాలుగు ముక్కలు. అందులోంచి రెండు, నేల మీంచి మూడు కచ్చితంగా వాడాలి.

"దీనివల్ల ఏటి లాభం?" అంది సువార్త.

"రెండు ముక్కల ఆటలో ఓపికదే పైచేయి. నాలుగిస్తే అందరి చేతిలోనూ ఏదో ఒకటుంటుంది. అదృష్టానికి చోటెక్కువ."

"అంటే సేతకానోళ్ల ఆటన్నమాట," అని నవ్వింది. ఆ నవ్వు కోసం ఎన్ని ఆటలైనా ఓడేవాణ్ణి. ఓడాను కూడా.

ఒక మబ్బు రోజున వచ్చి చెప్పింది, పార్వతీపురంలో ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చిందని.

"ఎల్లమంటావా?" అంది నా మొహంలోకి చూస్తూ.

మీరైతే ఏమనేవారు? ఉండిపో అనేవారు. ఆ మూడక్షరాలు నా గొంతులోకి వచ్చి చలికాలం బండిలా మొరాయించాయి.

"ఒక్క ఆట ఆడదాం. నేను గెలిస్తే ఉండిపో," అన్నాను.

"ఆట గెలిత్తేనే ఉండమంటావా?"

"నాలుగు ముక్కల ఆట," అన్నాను. అడిగిందానికి అదా జవాబు?

సుక్ర మావ పంచాడు. నాకు రెండు ఆసులు, ఏడు, ఎనిమిది. నేల మీద ఐదు, ఆరు, తొమ్మిది, రెండు రాజులు. సువార్త తన చేతిలోంచి ఒక రాజును తీసి నేల మీది రాజుల పక్కన పెట్టింది.

"మూడు రాజులు!" అన్నాడు సుక్ర మావ, చేతులు జోడించి.

చిన్నప్పటినుంచీ మూడు ముక్కలాట ఆడిన ఒళ్లు నాది. మూడు రాజులు కనబడగానే ఇక ఆట అయిపోయిందనుకున్నాను. నా ముక్కలు పరిచేసి నేనూ దండం పెట్టాను.

"ఓడిపోయాను."

సువార్త నా ముక్కలకేసి చూసింది. "సరిగ్గా సూసుకున్నావా?"

"చూసుకున్నాను."

"ఇంకోపాలి సూసుకో."

"ఆట నేర్పింది నేను. నాకు తెలీదా?"

"మరొక్కపాలి, రాంబాబూ," అంది. నేను ముక్కలన్నీ కలిపేశాను. ఆమె బస్సెక్కితే చెయ్యి ఊపాను కూడా.

తర్వాత ఒకరోజు షెడ్డులో నాకు మూడు జాకీలు పడ్డాయి. సుక్ర మావ వరసగా ఐదు ముక్కలు పరిచి, గింజలన్నీ తనవైపు లాక్కున్నాడు.

"అదేంటి మావా?"

"సీక్వెన్సు పెద్దదని నువ్వే సెప్పినావు కదల్లుడా!"

ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆ రోజు నా చేతిలో ఏడు, ఎనిమిది, నేల మీద మిగతా మూడూ ఉన్నాయి! ఫోన్ చేశాను.

"సువార్తా, ఆ రోజు గెలిచింది నేను!"

"ఇప్పుడా సూసుకున్నావు?"

"నీకు తెలుసా? మరి చెప్పొచ్చు కదా!"

"పక్కోళ్ల ముక్కలు సూసి నోరెత్తకూడదని రూలెట్టిందెవరు?"

మళ్లీ ఆమే అంది: "ఆట లేకుండా అడిగున్నా ఉండిపోదును." అప్పటికే కొత్త ఉద్యోగంలో చేరిపోయింది. ఆ పై వేసవిలో పెళ్లీ అయిపోయింది.

మబ్బు పడితే ఇప్పటికీ నాకు ఆ నవ్వు వినాలనిపిస్తుంది. మేమిద్దరమే కూర్చున్నా సుక్ర మావ అలవాటు కొద్దీ మూడు చేతులు పంచేస్తాడు. అందుచేత కళ్లం మీద ఆరుతున్న సమస్త గింజల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నోటితో అడగాల్సిన మాట ఈ జన్మలో ఇంకెప్పుడూ పేకముక్కల చేత అడిగించను. ఆ మూడో చేతి ముక్కలు మాత్రం తిప్పి చూడను. అవి ఆమెవి.