పెండ్లికి తెచ్చిన నీళ్లు

వరుసగా కొన్నేళ్లు వానలు తప్పి, చిత్తూరు జిల్లా పడమటి పల్లెలు ఎండిపోయిన రోజులవి. ఉద్యోగం పనిమీద మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాను. ఆడవాళ్ల సీట్లు నిండిపోవడంతో ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. ఒడిలో నిండు బిందె. మూతికి గుడ్డ కట్టి, దాన్ని అరచేత్తో అదిమిపట్టుకుంది.

"ఏముందమ్మా అందులో?" అని అడిగాను.

"నీళ్లప్పా. మా చెల్లెలి కూతురి పెండ్లి. ఆ ఊర్లో బోర్లన్నీ ఎండిపోయినాయి. వానలు పడినాక చేద్దామని మగపెండ్లోళ్లు అనిరి. మేం ఒప్పుకోలే. సుట్టాలందరం తలా ఒక బిందె తెస్తాండాం."

గోదావరి కాలవ గట్టున పెరిగిన నేను పెళ్లికి నీళ్లు మోసుకెళ్లడం ఎన్నడూ వినలేదు.

ఆ పెళ్లివారి ఊరు వచ్చింది. బిందె దింపడానికి సాయం పట్టాను. రోడ్డు పక్కన మరికొందరు ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు.

"నువ్వూ రాప్పా, తిని పోదువు," అందామె.

"ఇంత కరువులో నేను కూడా ఎందుకమ్మా?"

"ఒక మనిషికి అన్నం పెట్టలేనంత కరువేం రాలేదులే, రా."

బస్సు వదిలేసి ఆమె వెంట నడిచాను. తాళి కట్టడం చూశాను, కడుపునిండా తిన్నాను. చేతులు కడుక్కునే నీళ్లు వృథా కాకుండా కింద పశువుల తొట్టి పెట్టారు. ఆమే చెంబుతో నీళ్లు పోసింది. వేళ్లు తడవగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"యాల అట్ల? బాగా కడుక్కో. పెండ్లికొచ్చి ఉండావు," అంటూ చెంబు ఖాళీ అయ్యేదాకా ధారగా పోసింది.