నక్షత్రాల వాటా

ఈ మధ్య మా వీధి కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు వేరువేరుగా వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, ఫ్రీలాన్సు పని మొదలెడదామనుకుంతన్నాం. ఎంత అడగాలి?" ప్రోగ్రామింగ్ ఎలా నేర్చుకోవాలని ఎవరూ అడగలేదు. అది ఎక్కడైనా దొరుకుతుంది. ఎంత అడగాలన్నదే ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇది నేను తేలిగ్గా అంటున్న మాట కాదు. అనకాపల్లి లైబ్రరీలో కంప్యూటర్ పుస్తకాల బీరువా మొత్తం చదివాను, అది అయిపోయాక పక్కనున్న అర్థశాస్త్రం బీరువా మీద పడ్డాను. రెండింట్లోనూ ఆ జవాబు లేదు. నాకు అది ఎలా తెలిసిందో చెప్పాలంటే మా బావ మీద నేను పడ్డ అసూయ గురించి చెప్పాలి. ఎదురుగా కూర్చుని కుర్రాళ్లకి చెప్పలేను కనక రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులవి. మా మేనమామ కొడుకు కోటవురట్ల నుంచి డిగ్రీ చదవడానికి వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు. నాకంటే కొంచెం పెద్ద, అయినా ఒకరినొకరం బావ అనే పిలుచుకునేవాళ్లం. నేను ఇంటరుతో చదువు మానేసి లైబ్రరీనే కాలేజీ చేసుకున్నాను. ఇద్దరం కలిసి ఒక పాత కంప్యూటరు కొని ముందుగదిలో పెట్టాం.

విదేశాల వాళ్లు చిన్న చిన్న ప్రోగ్రామింగ్ పనులు వేలానికి పెట్టే సైటు ఒకటి బావ కనిపెట్టాడు. మా ఊరి బెల్లం మార్కెట్లో పాట పైకి పోతుంది. అక్కడ కిందికి పోతుంది. తక్కువకి చేస్తానన్నవాడికే సాధారణంగా పని. పని నచ్చితే నక్షత్రాలు ఇస్తారు, రెండు ముక్కలు మెచ్చుకోలు రాస్తారు. ఇద్దరి పనీ ఒకే పేరు మీద పడితే నక్షత్రాలు తొందరగా పెరుగుతాయని కలిపి ఒకే ఐడీ తెరిచాం. అన్నదమ్ములు ఉమ్మడిగా సేద్యం చేసుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, మాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

కోడు నేను రాసేవాణ్ణి. క్లయింట్లకి ఉత్తరాలు కూడా మొదట నేనే రాశాను. లైబ్రరీలో ఉత్తరాలు రాయడం నేర్పే పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని బట్టి, తమరి దయకు పాత్రుణ్ణి కాగోరుతున్నాననే ధోరణిలో పేజీడేసి రాసేవాణ్ణి. ఎవరూ బదులిచ్చేవారు కాదు. ఒకసారి బావ నన్ను పక్కకి జరగమని, కుర్చీలో కూర్చోకుండానే వంగి ఒక వాక్యం కొట్టాడు. పని అర్థమైంది, శుక్రవారానికి ఇస్తాం, అంతే. అందులోనూ వ్యాకరణం తప్పు. పని మాకే వచ్చింది.

అప్పటినుంచి ఉత్తరాలు అతనివి, కోడు నాది. ప్రతి పని చివరా క్లయింట్లు రాసే మెచ్చుకోలు నేను ఆత్రంగా తెరిచి చూసేవాణ్ణి. 'ఇతనితో మాట్లాడటం హాయిగా ఉంది.' 'అడిగిన వెంటనే జవాబిస్తాడు.' కోడు గురించి ఒక్క ముక్క లేదు. ఇంట్లోనూ అంతే. మా అమ్మ కోడికూర వడ్డించేటప్పుడు కాలు బావ పళ్లెంలో వేసేది. "అమెరికావోళ్లతో మాటాడతన్నాడు, ఒంట్లో సత్తువుండాల కదరా," అనేది. వాళ్లతో మాట్లాడేది టైపు కొట్టి అని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.

గొడవ రేటు దగ్గర వచ్చింది. బావ డిగ్రీ అయిపోగానే, ఇక పనికి ఇంతని కాకుండా గంటకి ఇంతని అడుగుదామన్నాడు, అదీ అప్పటి లెక్కకి మూడింతలు. నేను ఒప్పుకోలేదు. ధర తగ్గితే గిరాకీ పెరుగుతుందని గీతలు గీసి చూపించాను. "నువ్వా గీతలు సూసుకో బావ, నా ఏళ్లు నొప్పెడతన్నాయి," అన్నాడు. కోడు రాసేది నేనైతే అతని వేళ్లు ఎందుకు నొప్పెడతాయన్నాను. అంతటితో విడిపోవాలన్నది తేలిపోయింది. ఐడీ ఎవరికన్నది తేలలేదు.

నాకు అది ప్రాణం మీది వ్యవహారం. బావకి డిగ్రీ ఉంది, వైజాగులో ఏ కంపెనీకైనా పట్టుకుపోయి చూపించుకోవచ్చు. నాకు ఆ నక్షత్రాలే సర్టిఫికెట్టు. అవి పోతే నేను మళ్లీ ఇంటరుతో ఆగిపోయినవాణ్ణి.

మామ బెల్లం వేయడానికి మార్కెట్‌కి వచ్చిన రోజున ఇంటికి వస్తే, పంచాయితీ ఆయన ముందు పెట్టాం. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ అంతా విన్నాడు.

"నచ్చత్రాలేటి? ఎక్కడున్నాయి?"

తెర మీద చూపించాను. కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"ఇయ్యి సగం సగం అవ్వవా?"

"అవ్వవు మావా."

"మరింకేటి. అన్నదమ్ముల్లాగే సేసుకోండి. పెద్దోడు వాటాలేత్తాడు, సిన్నోడు ముందు కోరుకుంతాడు. ఒరే, నువ్వెయ్యి," అన్నాడు కొడుకుతో.

బావ ఆలోచించినట్టు కూడా లేదు. "ఒకపక్క ఐడీ. ఒకపక్క కంప్యూటరు. కోరుకో బావ."

అతని మాట పూర్తవకుండానే ఐడీ అన్నాను. మామ నవ్వాడు. "అల్లుడా, సేతికి దొరికీది ఒగ్గీసి గాల్లోది అట్టుకున్నావు."

బావ స్టేషన్ వైపు గది అద్దెకి తీసుకుని కంప్యూటరు పట్టుకుపోయాడు. నేను ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత కట్టి పని చేయడం మొదలుపెట్టాను. ఖర్చయినా గర్వంగానే ఉండేది. వెళ్లగానే మొదట చూసేది నా పని కాదు, బావ కొత్త ఐడీ. ఒక్క నక్షత్రం లేదు, కింద గంటకి మూడింతల రేటు మాత్రం ఉంది. ఆ ఖాళీ పేజీని చూస్తే కడుపు నిండినట్టుండేది.

తరవాత ఒకరోజు ఆ పేజీలో ఒక పని కనిపించింది. ఆ రేటుకే. కొన్నాళ్లకి ఇంకొకటి. నాకు కడుపులో మంట మొదలైంది. నా రేటూ పెంచాను. వెంటనే ఒక క్లయింటు రాశాడు: పోయిన నెల ఇలాంటి దుకాణం సైటే ముప్ఫై డాలర్లకి చేశావు కదా, నన్ను తొంభై ఎందుకు అడుగుతున్నావు? ఇంకొకడూ అదే అన్నాడు. అప్పుడు నా పేజీని పరాయివాడిలాగా చూశాను. ప్రతి వరస నక్షత్రాల కిందా ఆ పని ఎంతకి చేశామో రాసి ఉంది. మేం ఆశపడి కూడబెట్టిన నక్షత్రాలన్నీ మా చవకతనానికి సాక్ష్యాలు. నేను కోరుకున్న వాటాలో అవి కూడా ఉన్నాయి.

బావ ఇదంతా ముందే తెలిసి వాటా వేశాడేమోనన్న అనుమానం నన్ను నిద్రపోనివ్వలేదు. టీ కొట్టు దగ్గర పట్టుకుని అడిగేశాను.

"నాకేటి తెల్సు బావ," అన్నాడు. "నాకు కంప్యూటరు కావాల. నువ్వు ఐడీ కోరుకుంతావని తెల్సు. అంతే."

"మరి ఆ రేటు ఎలా అడిగావు?"

"కొత్తోణ్ణి కదా. ఇదివరకు ఎంతకి సేసేనో ఆడికెలా తెలుత్తాది?"

మోసం చేసి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. నేను రెండు బీరువాలు చదివినా అందనిది అతను టీ తాగుతూ చెప్పాడు. పైగా గ్లాసు కింద పెట్టి, "నా దగ్గిర పని ఎక్కువైపోయింది. కోడు నువ్వు రాయి, గంటకి సగం నీకిత్తాను," అన్నాడు. జాలితో అన్న మాట కాదు, నిజంగానే నా కోడు కావాలి అతనికి. ఆ సగమే నా చవక రేటు కంటే ఎక్కువ.

రెండు రోజులు ఆలోచించాను. ఒప్పుకుంటే డబ్బుకి లోటుండదు, మెచ్చుకోళ్లు మళ్లీ అతనికే. ఆ ఐడీలోనే ఉంటే ముప్ఫై డాలర్ల మనిషిగా మిగిలిపోతాను. మూడోరోజు ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి ఐడీ మూసేశాను. కొత్తది తెరిచి, ఉత్తరాలు కూడా నేనే రాసుకోవాలని, ఒక్కో వాక్యమే రాయాలని నిర్ణయించుకున్నాను. రేటు దగ్గరికి వచ్చేసరికి బావ పేజీ తెరిచి చూసి, దానికంటే ఒక డాలరు ఎక్కువ వేశాను. దాని వెనక ఏ లెక్కా లేదు, అసూయ తప్ప. మొదటి పని రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చినవాడు రేటు గురించి మాట్లాడలేదు, కోడు శుభ్రంగా ఉందన్నాడు. కుర్రాళ్లకి నేను చెప్పగలిగే జవాబు ఇదే. మొదటి రేటు మీతోపాటే తిరుగుతుంది, జాగ్రత్తగా అడగండి.

సాయం చేసినవాళ్ల పేర్లు రాద్దామనుకున్నాను, ఎవరూ ఒప్పుకోలేదు. వరసలతోనే చెబుతాను. గడువు దాటినా పుస్తకాలు లాక్కోని లైబ్రరీ ఆయనకి, పని లేని నెలల్లో డబ్బులు అడగకుండా మూల సీటు ఉంచిన ఇంటర్నెట్ సెంటర్ అన్నకి, వాటాలు వేయించిన మామకి, ఆ నెలల్లో ఎంత సంపాదిస్తున్నావని ఒక్కసారీ అడగని అమ్మకి కృతజ్ఞతలు. బావకి కూడా. అతను రేటు పెంచినప్పుడల్లా నేనూ పెంచాను, అతను పెంచకపోతే నాకు ధైర్యం ఉండేది కాదు. ఈ మాట అతనితో చెప్పలేదు. చెబితే మళ్లీ పెంచుతాడు.