స్వరూప తీసేసిన సైరన్

స్వరూప ఇక లేదన్న వార్త కేసముద్రం మార్కెట్ యార్డు గేటు దగ్గర నా చెవిన పడింది. మక్కజొన్నల ట్రాక్టర్లు దారికి అడ్డంగా నిలిచి ఉన్నాయి, డ్రైవర్లు ఒకరిమీద ఒకరు అరుచుకుంటున్నారు. ఆ గోలలో ఆమె తమ్ముడు రమేష్ ఫోను చేసి, "అన్నా, అక్క పోయింది. పొద్దుగాల ఛాతిల నొస్తుందన్నది. దవాఖానకు తీస్కపోయేలోపల్నే అయిపోయింది" అన్నాడు. ఏ అక్క అని అడిగాను. అతనికి ఉన్నది ఒక్కతే అక్క అని తెలిసీ అడిగాను. మొన్నమొన్ననే కొత్త కథ గురించి నాతో పోట్లాడిన మనిషి ఆ పోట్లాట తేల్చకుండా వెళ్లిపోతుందని ఏ మనసు నమ్ముతుంది?

భూపాలపల్లి బొగ్గుగని కార్మికుని బిడ్డ స్వరూప. ఆమె చిన్నతనంలోనే తండ్రి గని కప్పు కూలి మరణించాడు. జీవితమంతా శ్రమించి ఆమె తీయగలిగింది 'పొద్దుటి షిఫ్టు' అనే ఒకే ఒక్క చలనచిత్రం. దానికి మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. చూడనివారి కోసం కథ చెబుతాను. గని ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న ఒక బిడ్డ పెద్దయి శాస్త్రవేత్త అవుతుంది. తాను నిర్మించిన యంత్రం సాయంతో ప్రమాదం జరిగిన ఉదయానికే, ఆ చిన్నపిల్ల దేహంలోకే మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. తండ్రి బూట్లు దాచిపెడుతుంది, జ్వరం నటిస్తుంది, తలుపుకు గొళ్లెం పెడుతుంది. ఏం చేసినా మధ్యాహ్నానికి గని సైరన్ మోగుతుంది, తండ్రి దక్కడు. వచ్చిన ప్రతిసారీ యంత్రం శక్తి కొంత హరించుకుపోతుంది.

ఆ ఉదయం తిరిగొచ్చే ప్రతి ఆవృత్తీ స్వరూప సొంత గొంతుతోనే మొదలవుతుంది. "ఈసారి బాపు కంటె ముందు లేస్త" అంటుంది ఆ గొంతు. మాటలన్నీ నేను రాసినా ఆ ఒక్క వాక్యం ఆమెది. అన్నిసార్లు ఎందుకు, చూసేవాళ్లకు విసుగొస్తుందని నేను వాదించాను. "అది మాత్రం ముట్టకే అన్నా" అన్నది. ఎందుకో చెప్పలేదు.

పట్నంలో ఒక నిర్మాత ఈ కథ విని ఎంతో మెచ్చుకున్నాడు. తండ్రి పాత్ర మాత్రం 'మంచి తెలుగు' మాట్లాడాలని, ఈ తెలంగాణ యాస పక్కన ఉండే హాస్యపాత్రకు ఇద్దామని సెలవిచ్చాడు. ఎన్ని దశాబ్దాలుగా మన నోటిమాట వెండితెర మీద నవ్వులపాలైందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను కుర్చీలోంచి లేచాను. స్వరూప లేవలేదు. తన ముందున్న చాయ్ నెమ్మదిగా ముగించి, "మా బాపు నవ్వించెటోడు కాదు సార్. గిట్లనే మాట్లాడెటోడు, గిట్లనే సచ్చిపోయిండు" అని చెప్పి వచ్చేసింది. తర్వాత ఊరి మిత్రులే తలా ఒక చెయ్యి వేస్తే చిత్రం పూర్తయింది.

జనగామలో మొదటి ఆట నాకు కళ్లకు కట్టినట్టుంది. తండ్రి రెండోసారి నిద్ర లేవగానే వెనకవరసలో ఒకాయన లేచి, "ఏయ్ ఆపరేటరూ, గది ఇందాకనే అయిపోయింది గదా, మళ్ల గదే ఏసినవేంది" అని గద్దించాడు. మూడోసారికి హాలు సగం ఆయన పక్షం చేరింది. పాపం ఆపరేటరు బయటకొచ్చి, యంత్రం మంచిగానే ఉంది, కథే అట్ల ఉందని మొత్తుకోవలసి వచ్చింది. నేను సిగ్గుతో కుంచించుకుపోతే స్వరూప కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఆయన తప్పేం లేదన్నా. గా పిల్లకు గూడ గట్లనే అనిపిస్తది" అన్నది. ఆమె అంత మనసారా నవ్వగా నేను చూడటం అదే ఆఖరు.

ఆ వారంలోనే భూపాలపల్లిలో ఆట వేశారు. కార్మికవాడల నుంచి ఆడవాళ్లంతా వచ్చారు. ముందువరసలో స్వరూప తల్లి లచ్చవ్వ కూచుంది. బొగ్గుగని ఊళ్లో సైరన్ అంటే షిఫ్టు మారే వేళ. వేళకాని వేళ మోగిందంటే లోపల ఎవరికో ఏదో అయిందని అర్థం. స్వరూప ఆ ఊరి సైరన్‌నే రికార్డు చేసి చిత్రంలో వాడింది. తెరమీద అది మోగగానే హాల్లోని ఆడవాళ్లు ఒక్కసారిగా లేచారు. ఎవరూ కేక వేయలేదు. చెప్పులు కుర్చీల కింద వదిలేసి, పిల్లలను చంకనెత్తుకుని, గని గేటు వైపు పరుగుతీశారు. సినిమా చూస్తున్నామన్న స్పృహ వాళ్లకు ఆ క్షణాన లేదు. వాళ్ల భర్తలు నిజంగానే ఆ వేళ గనిలో ఉన్నారు.

లచ్చవ్వ అందరికంటే ముందు బయటపడింది. స్వరూప ఆమె వెంట ఉరికింది, వెనక నేను. టాకీసు ఆవరణ దాటేలోపు ముసలామెకు సంగతి తెలిసొచ్చి ఆగిపోయింది. బిడ్డ ముఖంలోకి చూసి, "ఎన్నిసార్లు సంపుతవే మీ బాపును? ఒక్కసారి సచ్చింది సాల్లేదా?" అన్నది. లచ్చవ్వ మళ్లీ హాల్లోకి రాలేదు, ముగింపు చూడనూ లేదు. ఆ సాయంత్రమే స్వరూప కూచుని ఆ ఊరి ప్రతిలోంచి సైరన్‌ను తొలగించింది. భూపాలపల్లిలో మిగిలిన ఆటలన్నీ ఆ చోట నిశ్శబ్దంతోనే నడిచాయి.

చిత్రం వారం దాటి ఆడలేదు. విమర్శకులు తర్కం కుదరలేదన్నారు, యాస కొరుకుడు పడలేదన్నారు. ముగింపులో తండ్రి బతికాడా చచ్చాడా చెప్పకపోవడం దర్శకురాలి అసమర్థత అని ఒక మహానుభావుడు తీర్పు చెప్పాడు. కొన్నాళ్లకు ఫోన్లలో చూసినవాళ్లు అదే ముగింపును ఆకాశానికెత్తారు. ఆ నింద గానీ ఈ ప్రశంస గానీ స్వరూపను తాకలేదు. ఎవరు పొగిడినా నాతో ఒకటే మాట అనేది: "అవ్వ చూడలేదన్నా." తల్లీబిడ్డలు ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచుడులో కూర పంచుకుని తిన్నారు. సినిమా ఊసు మాత్రం ఎత్తుకోలేదు. అడగడానికి స్వరూపకు ధైర్యం చాలలేదు. ఆ దిగులు ఆమెను లోలోపల తినేసిందని నా నమ్మకం. వైద్యులు వేరే కారణం చెబుతారు, చెప్పనీ.

దినకర్మ అయిన మరునాడు మధ్యాహ్నం లచ్చవ్వ నన్ను పిలిచి పక్కన కూచోబెట్టుకుంది. "గా సినిమా ఉన్నదా కొడుకా నీ దగ్గర?" అని అడిగింది. ల్యాప్‌టాప్ తెరిచాను. "సైరన్ తీసెయ్యాల్నా అవ్వా?" అంటే, "ఉండనియ్" అన్నది. అది మోగిన ప్రతిసారీ ఆమె చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది. కానీ లేవలేదు. చివరి ఆవృత్తి వచ్చింది. యంత్రంలో శక్తి అయిపోయింది, ఇక తిరిగి రావడం లేదు. ఆ బిడ్డ ఈసారి తండ్రిని ఆపదు. పక్కన కూచుని సద్ది తింటుంది, టిఫిన్ డబ్బా తనే మోస్తూ గని గేటు దాకా కబుర్లు చెబుతూ నడుస్తుంది. సైరన్ మోగకముందే చిత్రం అక్కడ ముగుస్తుంది.

లచ్చవ్వ నా మోచెయ్యి వదిలింది. తర్వాత మెల్లగా అన్నది: "ఆ పొద్దు స్వరూప నిద్రల ఉండె. బాపు మంచం కాడికొచ్చి నిలవడ్డడు. నేను లేపుతనంటె, లేపకు, పండనియ్ అన్నడు. లేసి ఒక మాట మాట్లాడలేదని ఇన్నేండ్లు ఏడ్సిందా నా బిడ్డ?"

ఆ ఒక్క వాక్యాన్ని స్వరూప ఎందుకు ముట్టనివ్వలేదో నాకు అప్పుడు తెలిసింది. తండ్రే లేపవద్దన్నాడని చెబుదామంటే ఇప్పుడు ఆమె లేదు. ఈ నేల గొంతుతో ఇంతటి ఊహను అల్లగల మనిషి మనకు మళ్లీ దొరకదు. తోడబుట్టకపోయినా నాకున్న ఒక్కగానొక్క చెల్లెలికి చేతులు జోడించి నమస్కరించడం తప్ప నా చేత ఇంకేమవుతుంది?

"మళ్ల పెట్టు కొడుకా, మొదట్నుంచి పెట్టు" అన్నది లచ్చవ్వ. పెట్టాను. "ఈసారి బాపు కంటె ముందు లేస్త" అన్నది స్వరూప గొంతు. "లెవ్వు బిడ్డా" అన్నది తల్లి.