వెంటిలేటర్ మీద విన్న మాటలు

ఆ ఉదయం పాథాలజీ ల్యాబ్‌కు నడుస్తుంటే నా రూమ్మేట్ శ్రావణి వెనక నుంచి పిలిచింది. "ఏమే, చెప్పు ఆడే వదిలేసి పోతా ఉండావు?" కిందికి చూసుకుంటే నిజంగానే ఎడమ కాలికి చెప్పు లేదు. అది జారిన సంగతే కాలికి తెలియలేదు.

అప్పుడు నేను తిరుపతిలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. అంతకు కొద్ది రోజుల ముందే విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను. సాయంత్రానికి హాస్టల్ మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మరునాడు మంచం దిగబోతే మోకాళ్ళు నిలవలేదు. శ్రావణి ఇంకేమీ ఆలోచించకుండా ఆటో పిలిచి క్యాజువాలిటీకి తీసుకెళ్ళింది.

న్యూరాలజీ మేడమ్ చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు కదలలేదు. మళ్ళీ కొట్టినా అంతే. చదువుకున్న పాఠం గుర్తొచ్చి, "గిలాన్ బారే సిండ్రోమా మేడమ్?" అని అడిగాను.

"ముందు టెస్టులు కానివ్వు. త్వరగా వచ్చావు, అదే మేలు. ఇది చాలామందిలో వెనక్కి తగ్గే జబ్బు. ఆ మాట గుర్తుపెట్టుకో" అన్నారు.

నరాల వేగం చూసే నెర్వ్ కండక్షన్ స్టడీ, వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ అయ్యాయి. నేను అడిగిన జబ్బే. శరీరం తన నరాల మీద ఉన్న తొడుగునే శత్రువనుకుని ఒలిచేస్తోంది. ఆ దాడిని తగ్గించే ఐవీఐజీ మందు ఎక్కించడం మొదలుపెట్టారు. అయినా బలహీనత నడుము దాటి చేతుల్లోకి వచ్చింది. మేడమ్ పూటపూటకూ ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించేవారు. పొద్దున చేరిన అంకెకు సాయంత్రం చేరలేకపోయాను. "నువ్వు పూర్తిగా అలసిపోకముందే ఊపిరి పని మెషిన్‌కు అప్పజెబుదాం" అని ఐసీయూకి మార్చి, వెంటిలేటర్ పెట్టారు.

మత్తు తగ్గాక తెలిసింది, కనురెప్పలు కొంచెం ఎత్తడం తప్ప నాకు ఏదీ చేతకాదని. చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. నన్ను పక్కకు తిప్పేవాళ్ళు జాగ్రత్తగానే తిప్పేవారు. కాని ముందుగా చెప్పకపోతే మంచం మీద నుంచి పడిపోతున్నానేమో అనిపించేది. మేడమ్ మాత్రం రౌండ్స్‌కు వచ్చినప్పుడల్లా మొహం మీదికి వంగి తానెవరో, ఏం చేయబోతున్నారో చెప్పేవారు.

మాది పుత్తూరు. నాయనకు అక్కడ కిరాణా కొట్టు. చూడటానికి వదిలినప్పుడు ఆకుపచ్చ గౌను వేసుకుని వచ్చి నా చెవి దగ్గర కూర్చునేవాడు.

"నీకు వినిపిస్తా ఉండాదో లేదో నాకు తెలీదు పాపా. నేనైతే సెప్తానే ఉంటా. నిన్న మనూళ్ళో వాన బాగా పడినాది. మీయమ్మ బయట మొగం కడుక్కుంటా ఉండాది. ఏడ్చినట్టు నీకు కనపడకూడదంట."

లోపల నవ్వాను. బయటికి ఏమీ రాలేదు.

తరువాత న్యుమోనియా వచ్చింది. జ్వరం తగ్గలేదు. ఊపిరి ట్యూబ్ ఇంకా చాలా రోజులు అవసరమని ట్రాకియాస్టమీ చేసి, మెడ ముందు చిన్న రంధ్రంలోంచి దాన్ని పెట్టారు. ఇక లేవనేమో అని నేను భయపడింది ఆ రోజుల్లోనే.

మేడమ్ మాత్రం వచ్చిన ప్రతిసారీ బొటనవేలు కదిలించమనేవారు. నేను ప్రయత్నించేదాన్ని, ఏమీ అయ్యేది కాదు. ఒక ఉదయం ఆవిడ, "ఆగు. మళ్ళీ చెయ్యి" అన్నారు. నా వేలు నాకు కనబడదు. ఆవిడ మొహం కనబడింది. వేలు కదిలిందని ఆ మొహంలో చూశాను.

ట్రాకియాస్టమీ ట్యూబ్ తీసి గొంతు వచ్చాక ఆవిడకు దండం పెట్టబోయాను. "మేం ఊపిరికి కాపలా కాశామమ్మా. నరానికి తొడుగు మళ్ళీ వేసుకున్నది నీ శరీరమే" అన్నారు.

ఫిజియోథెరపీలో కూర్చోవడం, నిలబడటం, స్పూన్ పట్టుకోవడం ఒక్కొక్కటిగా వచ్చాయి. కింది బ్యాచ్‌తో కాలేజీలో చేరాను. ఒకరోజు మైక్రోస్కోప్‌లో నరం స్లైడ్ పెట్టుకున్నాను. మొదటి సంవత్సరం ఆ తొడుగుల గుండ్రటి వలయాలను మార్కుల కోసం బొమ్మగా గీశాను. ఇప్పుడు చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. నేను కదలకుండా పడి ఉన్నప్పుడు, ఇంత సన్నని పని, నన్నొక మాటైనా అడగకుండా నాలోనే జరిగింది.

స్టూడెంట్ రీసెర్చ్‌కు అంశం ఎంచుకోమన్నప్పుడు నాకు వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, వెంటిలేటర్ నుంచి బయటపడ్డవాళ్ళను అక్కడేం విన్నారో అడిగాను. సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "నేను బతకనని ఆడ ఎవరో అనుకున్నారమ్మా. నా కూతురు మాత్రం రోజూ వచ్చి, నాయనా నేను సుజాతను అనేది. ఆ పేరే పట్టుకోని ఉండా" అన్నాడు. ఒకామెకు ఏమీ గుర్తులేదు. చిత్తూరు నుంచి వచ్చిన ఇంకొకామె, "మాటలొద్దనిపించేది పాపా. ఊరికే చెయ్యి పట్టుకుంటే సాలు" అంది.

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. అందరికీ నాలాగే మాటలు కావాలనుకున్నాను. మా గైడ్ సార్ నా నోట్సు చదివి, "ఇదే రాయి. ఎక్కడ వాళ్ళు మాట్లాడుతున్నారో, ఎక్కడ నీ జబ్బు మాట్లాడుతోందో విడదీసి రాయి. రిఫ్లెక్షన్, నిన్ను నువ్వు పరిశీలించుకోవడం, అంటే అదే" అన్నారు. రాయడానికి చాలాకాలం పట్టింది. ఒకే గది, ఒకే మెషిన్, అయినా లోపల ఒక్కొక్కరిది ఒక్కొక్క లోకం. అది తెలిశాక ఏ మంచం దగ్గరికి వెళ్ళినా నా అడుగు నెమ్మదిస్తోంది.

ఇప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. ఎక్కువసేపు నిలబడితే అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మెట్లు చూసుకుని దిగుతాను. మిగతాదంతా మామూలే.

నేను చెప్పగలిగింది ఇంతే. మీవాళ్ళు వెంటిలేటర్ మీద ఉంటే ముందు మీ పేరు చెప్పండి. ముట్టుకునే ముందు ముట్టుకుంటున్నామని చెప్పండి. ఆ తరువాత కాసేపు ఊరుకుని వాళ్ళ కళ్ళను చూడండి.

మొన్న ఐసీయూలో ఒకామె, తన భర్త మంచం పక్కన నిలబడి, "ఈయప్పకు వినిపిస్తా ఉండాదా అమ్మా?" అని నన్నడిగింది. "వింటున్నాడనుకునే మాట్లాడండి" అన్నాను. ఆమె కాస్త సిగ్గుపడింది. తరువాత వంగి, అతని చెయ్యి పట్టుకుంది.

"ఇదో, నేనొచ్చినా. ఈడనే ఉండా."