వట్టి గొంతు

మైకు ముందుకు వెళ్లేముందు చున్నీ అంచును చూపుడువేలికి చుట్టుకోవడం వాసంతికి అలవాటు. పగలు కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలు సిద్దిపేట నరేందర్‌తో కలిసి ఎలక్ట్రానిక్ పాటలు. ఇద్దరే బృందం. మొదటి ఆల్బమ్‌లో హోరెత్తే బీట్ల మధ్య ఆమె గొంతు యంత్రం మాట్లాడినట్టుండేది. కుర్రకారు దానికే ఊగిపోయింది. రెండో ఆల్బమ్‌కు ఆమె ఆ హోరంతా తీసేసి, తన తెనాలి యాసలో పాట కట్టింది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. ఆఫీసు క్యాంటీన్లో కూడా ఏ ప్రాంతంవాళ్లు ఆ ప్రాంతంవాళ్ల బల్ల దగ్గరే కూర్చుంటున్నారు. "గిప్పుడు ఈ యాసతోనా? జనం లొల్లి చేస్తే ఎట్ల?" అన్నాడు నరేందర్. "చెయ్యనీ. దాక్కుని పాడటం ఇంక నా వల్ల కాదు" అంది.

మాదాపూర్ వేదిక మీద ఆమె కొత్త పాట ఎత్తుకోగానే "పాత బీటు కొట్టుండ్రి!" అని ఎవరో అరిచారు. నరేందర్ చెయ్యి బీటు మోగించే మీట మీదికి పోయింది. వద్దన్నట్టు తల ఊపి, ఆమె చివరిదాకా పాడింది. చొక్కాకు జై తెలంగాణ బ్యాడ్జీ పెట్టుకున్న యువకుడొకడు లేచి నిలబడ్డాడు. "అక్కా, గిది మీ ఊరి మాటనా? మంచిగుంది. జర మల్ల పాడు" అన్నాడు. వాసంతి గుక్కెడు నీళ్లు తాగి, పాటను మొదటినుంచీ అందుకుంది.