ఒంటి చేత్తో మూసే బానెట్

ఏం పని చేస్తారని ఎవరైనా అడిగితే, పాత కార్లకు కొత్త ఒళ్లు చేస్తానని చెబుతాను. ఐటీ అనే జవాబు కోసం ఎదురుచూసే మనవాళ్లకు ఇది ఒక పట్టాన మింగుడు పడదు. కెనడాలోని కేంబ్రిడ్జ్ ఊరి చివర, గోడౌన్ల మధ్య మాకో చిన్న షెడ్డు ఉంది. యాభై ఏళ్ల కిందటి పెద్ద ఇంజిన్ల కార్లను ఇక్కడ మజిల్ కార్లంటారు. వాటికి బానెట్లు, చక్రాల మీది ఫెండర్లు, డిక్కీ మూతలు ఇనుముకన్నా ఎంతో తేలికైన కార్బన్ ఫైబర్‌తో తయారు చేస్తాం. ఈ పని నేను హైదరాబాద్‌లో విమానాల భాగాలు చేసే చోట నేర్చుకున్నాను. నల్లటి కార్బన్ బట్టను ఏ వంపులోనైనా ముడత పడకుండా పరచగలను. ఆ విషయంలో నాకు వినయం లేదు, అవసరం కూడా లేదు.

నాతోపాటు మా మరిది పనిచేస్తాడు. భీమవరం మనిషి. బ్రాంప్టన్‌లో ఏళ్ల తరబడి కార్లకు పెయింట్ కొట్టి ఇటు వచ్చాడు. రంగు కలపడంలో అతన్ని మించినవాడిని నేను చూడలేదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, గొడవంతా అక్కడే.

ఒక ఏడాది మంచు కరిగి రోడ్లు తేటపడుతున్న రోజుల్లో ఒకావిడ కారు తోలుకుంటూ వచ్చింది. కెనడియన్, డెబ్బై దాటి ఉంటాయి. సీసా ఆకుపచ్చ రంగు కారు. పెళ్లికి ముందే సొంత జీతంతో కొనుక్కున్నానని, అప్పటినుంచి ఇంకొకరి చేతికి స్టీరింగ్ ఇవ్వలేదని వచ్చీ రాగానే చెప్పింది. కుడి భుజానికి ఆపరేషన్ అయింది. చేయి భుజం ఎత్తు దాటి లేవదు. ఆ కారు బానెట్ చూస్తే ఇనుప తలుపే. దాన్ని ఆవిడ ఇక ఎత్తలేదు, దించలేదు.

వేసవి వచ్చిందంటే గురువారం సాయంత్రాలు షాపింగ్ ప్లాజా పార్కింగ్‌లో పాత కార్ల వాళ్లంతా చేరతారు. బానెట్లు ఎత్తిపెట్టి, మడత కుర్చీలు వేసుకుని, ఒకరి ఇంజిన్ ఒకరు చూసుకుంటూ కబుర్లాడతారు. బానెట్ ఎత్తకపోతే అక్కడికి కారు తెచ్చినట్టే కాదు.

"పోయిన వేసవంతా ఎవడో ఒకడు పరిగెత్తుకొచ్చి ఎత్తాడు, వెళ్లేటప్పుడు ఇంకెవడో వచ్చి మూశాడు. ఇక నాకు చాలు. నా కారు బానెట్ నేనే ఎత్తి నేనే మూయాలి. ఈ వేసవికి అది కుదరకపోతే కారు అమ్మేస్తాను" అంది ఆవిడ. గొంతులో ఏడుపు లేదు, బతిమాలడం లేదు. ఆపరేషన్ సంగతి చెప్పినంత మామూలుగా అమ్మకం సంగతీ చెప్పింది.

ఆవిడ నాకు ఆ క్షణంలోనే నచ్చింది. హైదరాబాద్ షాప్ ఫ్లోర్ మీద నేను ఏ అచ్చు మీద చేయి వేసినా, "మేడమ్, మీరెందుకు, మేం చేస్తాం" అంటూ ఎవరో ఒకరు లాక్కునేవారు. మర్యాదే. అయినా ఒళ్లు మండేది. అందుకని, "చేస్తాను. రెండు వేళ్లతో ఎత్తేలా చేస్తాను" అని మాటిచ్చేశాను. మరిది పక్కనుంచి నా వైపు ఒక చూపు చూశాడు. మాట ఇచ్చేముందు నేను ఎవర్నీ అడగనని అతనికి ఎప్పటినుంచో ఫిర్యాదు.

మొదటి పోట్లాట రంగు మీద వచ్చింది. కార్బన్ నేత పైకి కనిపించాలని నా కోరిక. నేత గీతలు బానెట్ నడిమధ్యన రెండు వైపుల నుంచి వచ్చి కలిసేలా పరిస్తే ఎంత బాగుంటుందో ముక్కలు పెట్టి చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. "చాలా బాగుంది. దీని మీద ఆకుపచ్చ రంగు వెయ్యండి. నేను మీ బట్టను ప్రదర్శనకు పెట్టడం లేదు" అంది. మరిది అటు తిరిగి నవ్వుకున్నాడు. రంగు అతని రాజ్యం మరి.

పాత బానెట్‌ను అద్దంలా తోమి, మైనం పూసి, దాని మీద అచ్చు తీశాం. అచ్చులో బట్ట వరసలు పరిచి, పైన ప్లాస్టిక్ సంచి బిగించి, లోపలి గాలంతా పంపుతో లాగేసి, రెజిన్ అనే జిగురు ఎక్కించి ఓవెన్‌లో పెట్టాం. కిందివైపు బలానికి పక్కటెముకల్లాంటి చట్రం అంటించాం. కీళ్లు, తాళం బిగించే చోట్ల లోపల అల్యూమినియం బిళ్లలు దాచాం. అచ్చులోంచి ఊడివచ్చిన బానెట్‌ను నేనొక్కదాన్నే నెత్తిన పెట్టుకుని షెడ్డంతా తిరిగాను. మరిది వేసిన రంగు పాత ఫెండర్ల రంగుతో ఎంత కలిసిపోయిందంటే, ఏది ఇనుమో ఏది కాదో తట్టి చూస్తే తప్ప తెలియదు.

ఆవిడ ట్రయల్‌కు వచ్చి ఎడమచేత్తో ఎత్తింది. అది లేచి నిలబడింది. ఆవిడ మొహం చూడాలి! మళ్లీ మళ్లీ ఎత్తింది. ఆవిడ ఎత్తడం, మరిది చటుక్కున వెళ్లి, "మీరుండండి ఆంటీ" అంటూ అరచేత్తో నొక్కి మూసేయడం. అతను పక్కన లేకపోతే ఆ పని నేను చేశాను. పెద్దావిడ వంగి కష్టపడుతుంటే చేతులు కట్టుకుని చూడటం మా ఇళ్లలో ఎవరూ నేర్పలేదు. ఆ రోజు సంతోషంలో ఆవిడ కూడా గమనించలేదు. కారు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఫోన్ వచ్చింది. "మీ బానెట్ తెరుచుకుంది. మూతపడటం లేదు. మబ్బు పట్టింది" అని పెట్టేసింది.

ఇద్దరం వ్యాన్‌లో పరుగెత్తాం. ఇంటి ముందు కారు నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. సాయానికి వచ్చిన పక్కింటాయన్ను అప్పటికే వెనక్కి పంపేసిందట. మరిది వ్యాన్ దిగీ దిగగానే అలవాటు ప్రకారం బానెట్ వైపు నడిచాడు.

"ఆగు! ముట్టుకోకు" అని అరిచాను.

కుడిచేయి వెనక్కి పెట్టుకుని, ఎడమచేయి ఒక్కదానితో నేనే దించి చూశాను. సగం దాకా వచ్చింది. అక్కణ్నుంచి కింద ఎవరో ఉండి పైకి తోస్తున్నట్టు ఎదురుతిరిగింది. బలమంతా పెడితే బానెట్ వెనక అంచు వంగుతోంది. ఇంకాస్త నొక్కితే పగులుతుంది. చేయి తీసేశాను.

బానెట్ కీళ్లకు చెరో స్ప్రింగు ఉంటుంది. అవి ఇనుప బరువును మోయడానికి పెట్టినవి. కార్బన్ బానెట్ అందులో సగం కూడా తూగదు కాబట్టి స్ప్రింగులు మార్చాలని నాకు తెలుసు, మార్చాను కూడా. కొంచెం మెత్తనివి వేసి, మూసి చూసి, సరిపోయాయని తేల్చేశాను. మూసి చూసిన చేతులు మావి. తాళం సంగతీ అంతే. పాత తాళానికి పైనుంచి దభీమని బరువు పడితేనే పట్టు దొరుకుతుంది. ఆ బరువు మరిది అరచేయి ఇచ్చేది.

"మీ షెడ్డులో దీన్ని ఎవరు మూశారు?" అని అడిగింది ఆవిడ.

మరిది తల గోక్కుంటూ, పెద్దవాళ్ల చేత అలాంటి పనులు చేయించడం మాకు అలవాటు లేదని ఇంగ్లీషులో చెప్పుకున్నాడు.

"నేను మీ దగ్గరికి వచ్చిందే ఆ అలవాటు నుంచి తప్పించుకోవడానికి" అంది ఆవిడ.

గురువారాల సందడి మొదలు కాబోతోంది. ఇది తేలకపోతే ఆవిడ చెప్పినట్టే అమ్మేస్తుందనడంలో నాకు అనుమానం లేదు. ఉక్రోషం వచ్చింది, ఆవిడ మీద కాదు. వ్యాన్‌లోకి ఎక్కగానే మరిదితో, "ఇగ నుంచి ఆవిడ ఉన్నప్పుడు మనిద్దరి చేతులు వెనక్కే. సమజైందా?" అన్నాను. కోపమొస్తే నా కరీంనగర్ బయటికొస్తుంది.

"అదేంటి వదినా, చూస్తూ నిలబడతామా?"

"నిలబడుడే పని."

స్ప్రింగులు పూర్తిగా పీకేశాం. వాటి బదులు ఈ కాలం కార్ల డిక్కీలకు ఉండే సన్నటి గ్యాస్ రాడ్లు, దొరికిన వాటిలో అన్నిటికన్నా మెత్తనివి, కిందికి దించుతుంటే ఎదురుతిరగని కోణం దొరికేదాకా జరిపి జరిపి బిగించాం. తాళం విప్పి, పైకి తన్నే దాని స్ప్రింగును తగ్గించాం. దారిలో గాలికి లేవకుండా పట్టి ఉంచే రెండో కొక్కేన్ని మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు. తేలిక కోసం భద్రత వదులుకునే రకం కాదు నేను.

ఆవిడ మళ్లీ వచ్చింది. మేం గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాం. ఆవిడ ఎత్తింది, దించింది. తాళం పడలేదు. మునివేళ్ల మీద లేచి రెండు చేతులతో నొక్కబోతే కుడిభుజం నొప్పికి మొహం ముడుచుకుంది.

"వదినా, నావల్ల కావట్లేదు, వెళ్లి మూసేస్తాను" అన్నాడు మరిది.

"అటు తిరుగు" అన్నాను. నిజంగానే గోడవైపు తిరిగాడు.

ఆవిడ చేయి ఎక్కడ పడుతోంది, ఎంత ఎత్తులో బలం అయిపోతోంది, అదంతా అప్పుడే మొదటిసారి కళ్లారా చూశాను. కొంచెం నొక్కితే చాలు పడేలా తాళాన్ని సర్దాను. ఆవిడ చేయి హాయిగా పడేచోటు ముందు అంచున ఎడమపక్కన ఉంది. అక్కడ లోపల ఇంకో రెండు వరసలు బట్ట వేసి గట్టి చేస్తానని, వారం ఆగమని అడిగాను. ఆగింది. ఆ తర్వాత వచ్చినప్పుడు టక్‌మని పడింది. మరిది గోడవైపు నుంచే చప్పట్లు కొట్టాడు.

"గురువారం రండి. దూరంగా నిలబడండి" అని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

వెళ్లాం. కాఫీ కప్పులు పట్టుకుని పార్కింగ్ అవతలి అంచున నిలబడ్డాం. ఆకుపచ్చ కారు బానెట్ ఎత్తే ఉంది. ఆవిడ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఎవరికో ఇంజిన్ గురించి గట్టిగా క్లాసు పీకుతోంది. ఎండ వాలుతున్నప్పుడు కుర్చీ మడిచి డిక్కీలో పెట్టి, కారు ముందుకు వచ్చింది. వెంటనే రెండు కార్ల అవతలి నుంచి ఒక భారీ మనిషి, నవ్వుతూ, చేయి చాపుకుంటూ వచ్చాడు. ఆవిడ అతని వైపు ఒక్క చూపు చూసింది. అతను ఉన్నచోటే ఆగిపోయాడు. ఆవిడ ఎడమచేయి అంచు మీద వేసి, తొందర లేకుండా దించి, నొక్కింది. మేమున్న దూరానికి చప్పుడు వినపడలేదు. బానెట్ మాత్రం లేవలేదు.

మరిది నా మోచేతిని గట్టిగా పట్టుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు. నాకైతే గర్వం, పట్టలేనంత గర్వం.

ఆవిడ కారెక్కి, ఇంజిన్ రేజ్ చేసి, మా ముందు నుంచే వెళ్లిపోయింది. మా వైపు చూడలేదు, చేయి ఊపలేదు.

"థాంక్స్ కూడా చెప్పలేదేంటి వదినా" అన్నాడు మరిది.

అంతకు ముందు ఏడాది ప్రతి గురువారం ఆవిడ ఎవరో ఒకరికి థాంక్స్ చెప్పాకే ఇంటికి వెళ్లి ఉంటుంది. ఆ సాయంత్రం ఆవిడకు ఎవరూ సాయం చేయలేదు.